పాత రాతల్లో రచయిత ఉద్దేశాన్ని ఎలా తేల్చుకోవాలి?

ఐదు వందల ఏళ్ల కిందటి పుస్తకమో, రెండు వేల ఏళ్ల కిందటి శాసనమో చదవడానికి కూర్చుంటే ఎవరికైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే: రాసినాయన అసలు ఏం చెప్పదలచుకున్నాడు? ఈ ప్రశ్నే తప్పు అనేవాళ్లు ఉన్నారు. పోయినవాళ్ల మనసులో ఏముందో మనకెలా తెలుస్తుంది, కాగితం మీద ఉన్నదే చూడండి అంటారు. 1946లో విమ్‌సాట్, బియర్డ్‌స్లీ అనే ఇద్దరు అమెరికన్ విమర్శకులు కవిత్వం విషయంలో ఇలాగే వాదించారు. 1967లో రోలాఁ బార్త్ అనే ఫ్రెంచ్ విమర్శకుడు మరింత ముందుకెళ్లి, రాత అర్థం రచయిత చేతిలో ఉండదంటూ రచయిత మరణాన్నే ప్రకటించాడు. ఇంకోవైపు, రచయిత మనసు తమకు అద్దంలో కనబడుతున్నట్టు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ ఏ వాక్యం దొరికినా ‘ఆయన భావం ఇదే’ అని తేల్చేస్తారు.

చరిత్ర చదివేవాళ్లకు ఈ రెండు దారులూ పనికిరావు. కవి ఎవరో తెలియకపోయినా పద్యాన్ని ఆస్వాదించవచ్చు. రాజాజ్ఞ, ఒడంబడిక, అర్జీ అలా కాదు. ఎవరు ఎవరి చేత ఏం చేయించాలని రాశారో అడగకపోతే వాటిలో సగం అర్థం జారిపోతుంది. 1969లో క్వెంటిన్ స్కిన్నర్ అనే చరిత్రకారుడు ఈ చిక్కు విప్పే దారి ఒకటి చూపించాడు. రచయిత మనసులోకి తొంగిచూసే పని మానేసి, ఆ మాట రాయడం ద్వారా ఆయన ఏం చేస్తున్నాడో అడగమన్నాడు. బతిమాలుతున్నాడా, బెదిరిస్తున్నాడా, ఎవరికైనా జవాబు చెబుతున్నాడా, అందరూ ఒప్పుకున్న మాటను తిరగేస్తున్నాడా? ఇది నలుగురి మధ్య జరిగే పని కాబట్టి దానికి సాక్ష్యం దొరుకుతుంది. ఆ సాక్ష్యాన్ని ఎలా ఏరుకోవాలో కింద చెబుతున్నాను. ఒక నోట్‌బుక్, చదవాలనుకున్న రాత నమ్మకమైన ప్రతి ఒకటి దగ్గర పెట్టుకోండి.

ముందు ఆ రాత ఎవరిదో తేల్చుకోండి

ఉద్దేశం గురించి ఆలోచించే ముందే ఈ పని అయిపోవాలి. పేరు ఉన్నంత మాత్రాన రాత ఆ పేరుగలవారిది అయిపోదు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పశ్చిమ దేశాల మీద అధికారాన్ని పోప్‌కు ధారపోసినట్టు చెప్పే దానపత్రం ఒకటి యూరప్‌లో వందల ఏళ్లు చెలామణీ అయింది. 1440లో లొరెంజో వల్లా అనే ఇటలీ పండితుడు దాన్ని మాట మాటా పట్టి చూశాడు. అందులో రోమ్ పెద్దలతో పాటు ‘సత్రపులు’ అనే అధికారుల ప్రస్తావన ఉంది. కాన్‌స్టాంటైన్ కాలపు రోమ్‌లో ఆ పేరుతో అధికారులెవరూ లేరు. లాటిన్ భాష కూడా ఆ కాలానిది కాదు. పత్రం ఎనిమిదో శతాబ్దం ప్రాంతంలో పుట్టిందని ఇప్పుడు చాలామంది పండితుల అభిప్రాయం.

దొంగపత్రం అని తేలగానే పక్కన పడేయకండి. కాన్‌స్టాంటైన్ ఉద్దేశం గురించి అది ఏమీ చెప్పదు, నిజమే. దాన్ని సృష్టించినవాళ్లకు ఏం కావలసి వచ్చిందో, అందుకు ఎవరి పేరు వాడుకుంటే జనం నమ్ముతారనుకున్నారో మాత్రం చాలా బాగా చెబుతుంది. మీరు అడగాల్సిన ప్రశ్న అదే, మనిషి మాత్రం మారాడు.

రాత అసలైనదే అయినా అందులో ఎన్ని చేతులున్నాయో చూడండి. చెప్పినవారు, రాసినవారు, చెక్కినవారు, తర్వాత నకలు తీసినవారు, మధ్యలో నాలుగు ముక్కలు చేర్చినవారు ఉంటారు. ప్రక్షిప్తాల గొడవ తెలుగువాళ్లకు కొత్త కాదు కదా. అశోకుడి 14వ శిలాశాసనంలో ఈ సంగతి ఆయనే ఒప్పుకుంటాడు. తన ధర్మలిపులు, అంటే ధర్మం గురించి చెక్కించిన ఈ శాసనాలు, కొన్నిచోట్ల క్లుప్తంగా, కొన్నిచోట్ల మధ్యస్థంగా, కొన్నిచోట్ల విస్తరంగా ఉన్నాయంటాడు. స్థలాన్ని బట్టో, వేరే కారణం వల్లో, లిపికారుడి తప్పు వల్లో కొన్ని అసంపూర్ణంగా ఉండిపోయి ఉండవచ్చని కూడా అంటాడు. రాత చెడిపోయే దారులు రాయించినవాడే చెప్పడం చాలా అరుదు. మీరు చదివే రాతలో అలాంటి మాట లేకపోయినా ఆ ప్రమాదం మాత్రం ఉందనే అనుకోండి.

ఎవరి కళ్ల ముందు పెట్టారో రాసుకోండి

నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి, ఎవరి ద్వారా అని నాలుగు మాటలు రాసుకుని, ఎదురుగా తెలిసినంత నింపండి. చాలామంది ఈ పేజీని దాటేసి నేరుగా వ్యాఖ్యానంలోకి దూకుతారు. నా లెక్కలో ఇంతకంటే పెద్ద పొరపాటు లేదు. ఎందుకో అశోకుడి శాసనాలతోనే చూద్దాం.

13వ శిలాశాసనం అందరికీ తెలిసిందే. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను జయించానని, లక్షన్నర మందిని అక్కడి నుంచి తరలించారని, లక్ష మంది హతులయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారని, అందుకు తనకు పశ్చాత్తాపం కలిగిందని అశోకుడు చెబుతాడు. ఇక్కడితో ఆపేస్తే ఉద్దేశం స్పష్టంగానే ఉన్నట్టు అనిపిస్తుంది: మనసు మారిన రాజు తన బాధ చెప్పుకుంటున్నాడు.

ఇప్పుడు ‘ఎక్కడ’ అన్న గడి చూడండి. ఈ శాసనం వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది, హిమాలయాల దిగువన కాల్సీలో ఉంది, దక్షిణాన ఎర్రగుడిలో ఉంది. కళింగలో ఉన్న ధౌలి, జౌగడ బండల మీద మాత్రం లేదు. అక్కడ 11, 12, 13 శాసనాలను వదిలేసి వాటికి బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. ఏ నేల మీద అంత మంది చనిపోయారో ఆ నేల మీద పశ్చాత్తాపం మాట లేదు. బదులుగా ఉన్నదేమిటి? ప్రజలందరూ నా బిడ్డలే అన్న మాట, ఎవరినీ అన్యాయంగా బంధించవద్దు, హింసించవద్దని అధికారులకు హెచ్చరిక. రెండో ప్రత్యేక శాసనం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇంకా జయించని సరిహద్దు జనాలు ‘మా పట్ల రాజు ఉద్దేశం ఏమిటి?’ అని అనుకుంటూ ఉండవచ్చని, నన్ను చూసి వాళ్లు భయపడకూడదన్నదే నా కోరిక అని అందులో ఉంది. మనం ఈరోజు అడుగుతున్న ప్రశ్న ఆ జనం అప్పుడే అడుగుతున్నారని రాజుకే తెలుసన్నమాట.

దీన్ని బట్టి ఒక ఊహ చేయవచ్చు. పశ్చాత్తాపం దూరప్రాంతాల వాళ్లకూ, రాబోయే వారసులకూ చెప్పిన మాట. ఓడిపోయినవాళ్లకు చెప్పింది మాత్రం పాలనకు సంబంధించిన భరోసా. 13వ శాసనం చివర్లో, తన కొడుకులు, మునిమనవలు కొత్త విజయాల కోసం ఆలోచించకూడదనే దీన్ని రాయించానని స్పష్టంగా ఉంది కాబట్టి ఊహకు కొంత బలం వస్తుంది. అదే శాసనంలో అడవి జనాలకు హెచ్చరిక కూడా ఉంది: రాజు బాధపడుతున్నా శిక్షించే శక్తి ఆయనకు ఉందని గుర్తుపెట్టుకోమంటుంది. పశ్చాత్తాపమూ బెదిరింపూ ఒకే బండ మీద ఉన్నాయి. ఉద్దేశం ఒక్కటే ఉండాలని పట్టుబట్టేవాళ్లు ఈ రెండింటిలో ఒకదాన్ని దాచేయాల్సి వస్తుంది.

అయినా ఇక్కడ చేయి కాస్త వెనక్కి పట్టాలి. ధౌలిలో 13 ఒక్కటే పోలేదు, 11, 12 కూడా లేవు. ఒకటి ధర్మదానం గురించి, ఇంకొకటి అన్ని మతశాఖలను గౌరవించడం గురించి. ఆ రెండింటిలో కళింగ ఊసే లేదు. యుద్ధం గుర్తుచేయకూడదనే వదిలేశారని అంటే ఈ రెండూ ఎందుకు పోయాయో కూడా చెప్పగలగాలి. మీ వివరణ ఎంత అందంగా ఉన్నా, దానికి లొంగని ముక్కను పక్కనే రాసుకోండి.

లోపలి గుర్తులు

బయటి వివరాలు అయ్యాక రాతను మళ్లీ మొదటి నుంచి చదవండి. మన మీమాంసకులు (వేదవాక్యాలకు అర్థం తేల్చే శాస్త్రం చదివినవాళ్లు), వేదాంతులు తాత్పర్యం తేల్చడానికి ఆరు గుర్తులు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, ఏ మాట పదేపదే వచ్చింది, ఇంకెక్కడా దొరకని కొత్త సంగతి ఏది, దేనివల్ల ఏ ఫలితం కలుగుతుందంటోంది, దేన్ని పొగిడింది లేదా తిట్టింది, ఏ యుక్తి చూపింది అని చూడమంటారు. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం, అంటే దానికి రచయితే లేడు. రచయిత లేని రాతకు కూడా తాత్పర్యాన్ని క్రమశిక్షణతో తేల్చవచ్చని వాళ్లు నమ్మారు. ఈ ఆరింటినీ చరిత్ర పత్రాల మీద వాడి చూడండి, ఎంత పనికొస్తాయో మీకే తెలుస్తుంది. వీటిలో అపూర్వత ఒక్కటి మాత్రం రాతను మాత్రమే చదివితే తేలదు. ఏది కొత్తో తెలియాలంటే ఏది పాతో తెలిసి ఉండాలి.

పక్కవాళ్లు ఏం రాస్తున్నారో చదవండి

అందుకే ఆ కాలంలో అదే విషయం మీద వచ్చిన రాతలు రెండు మూడైనా చదవాలి. టైమ్ పట్టే పనే, కానీ అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి చెందిన మకియవెల్లి పాలకుల గురించి 1513లో రాసిన ‘ది ప్రిన్స్’ తీసుకోండి. 18వ అధ్యాయంలో పాలకుడు నక్కలాగా, సింహంలాగా ఉండాలంటాడు. ఉచ్చులు పసిగట్టడానికి నక్క, తోడేళ్లను భయపెట్టడానికి సింహం. ఈ వాక్యాన్ని ఒంటరిగా చదివితే నీతి తెలియని మనిషి గడుసు సలహాలా ఉంటుంది.

ఇప్పుడు పాత రోమ్ రచయిత సిసెరోను దాని పక్కనే పెట్టి చూడండి. క్రీస్తుపూర్వం 44లో కొడుకు కోసం రాసిన ధర్మబోధలో అన్యాయం రెండు రకాలంటాడు సిసెరో: బలంతో చేసేది, మోసంతో చేసేది. బలం సింహానిది, మోసం నక్కది, రెండూ మనిషికి తగనివి, మోసం మరీ నీచం అని ముగిస్తాడు. మకియవెల్లి కాలంలో లాటిన్ చదువుకున్న ప్రతివాడికీ ఆ పుస్తకం తెలుసు. పాలకులకు నీతి బోధించే పుస్తకాలు రాసేవాళ్లు దాని మీదే ఆధారపడేవాళ్లు. కాబట్టి ఆ రెండు జంతువుల పేర్లు కనబడగానే అప్పటి పాఠకుడికి సిసెరో గుర్తొచ్చి తీరతాడు, మకియవెల్లి ఆ బోధను తలకిందులు చేస్తున్నాడని అర్థమవుతుంది. 15వ అధ్యాయంలో తాను ఈ విషయంలో మిగతావాళ్ల దారి నుంచి తప్పుకుంటున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఇప్పుడు మన దగ్గర ఉన్నది మకియవెల్లి మనసు గురించిన ఊహ కాదు. ఫలానా పుస్తకంలోని ఫలానా మాటకు ఎదురు చెబుతున్నాడు అనే వాదన. ఎవరైనా రెండు పుస్తకాలూ తెరిచి సరిచూడవచ్చు.

కారణాన్ని, ఉద్దేశాన్ని కలిపేయకండి

ఇదే పుస్తకం దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. 1512లో మెడీచీ కుటుంబం మళ్లీ ఫ్లోరెన్స్‌లో అధికారంలోకి వచ్చింది, మకియవెల్లి ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు కుట్ర అనుమానంతో జైల్లో పెట్టి చిత్రహింసలు పెట్టారు. బయటికొచ్చి పల్లెలో ఉంటూ, 1513 డిసెంబర్ 10న స్నేహితుడు వెత్తోరికి ఉత్తరం రాశాడు. పాలకుల గురించి చిన్న పుస్తకం రాశానని, మెడీచీలు తనను ఏదో ఒక పనిలో పెట్టుకుంటే చాలని, రాయి దొర్లించమన్నా దొర్లిస్తానని అందులో అన్నాడు.

దాంతో చాలామంది ‘ఉద్యోగం కోసం రాశాడు, అంతే’ అని పుస్తకం మూసేస్తారు. ఎందుకు కలం పట్టాడో ఆ ఉత్తరం చెబుతుంది. సింహం, నక్క మాటతో ఏం చేశాడో చెప్పదు. ఉద్యోగం కావలసినవాడు అందరికీ నచ్చే పాత నీతులు కూడా రాయవచ్చు కదా! మీ నోట్‌బుక్‌లో ఈ రెండింటికీ వేరు వేరు చోటు పెట్టండి. కోపం, ఆకలి, భయం, కీర్తికాంక్ష ఒకచోట. ఫలానా వాక్యంతో చేసిన పని ఇంకోచోట.

రచయిత స్వయంగా చెప్పుకున్న ఉద్దేశం దగ్గరా ఇంతే జాగ్రత్త కావాలి. 1632లో గెలీలియో అచ్చువేయించిన సంభాషణల పుస్తకం ముందుమాట చూస్తే, కోపర్నికస్ సిద్ధాంతాన్ని కట్టడి చేస్తూ 1616లో వచ్చిన చర్చి ఉత్తర్వును ఆయన మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది. లోపల వాదనలన్నీ భూమి తిరుగుతోందనే వైపే మొగ్గుతాయి. పోప్‌కు ఇష్టమైన వాదనను చివర్లో, పుస్తకమంతా ఓడిపోతూ వచ్చిన సింప్లీచియో అనే పాత్ర నోట పెట్టాడు. ముందుమాట సెన్సార్ అధికారుల అనుమతి కోసం జరిగిన బేరాల మధ్య తయారైందని తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ముందుమాటలు, అంకితాలు, స్తోత్రాలు, కోర్టులో ఇచ్చిన వాంగ్మూలాలు అన్నీ సాక్ష్యాలే. కానీ ఎవరి భయంతో, ఎవరి దయ కోసం ఆ మాట అన్నారో కూడా పక్కనే రాసుకోవాలి. అలాగని ప్రతి ముందుమాటలోనూ దాగుడుమూతలు వెతకడం మొదలుపెట్టకండి. దాచాల్సిన అవసరం ఉందని వేరే ఆధారం దొరికినప్పుడే దాచాడని అనండి.

మీ అర్థానికి మీరే ఎదురు నిలబడండి

ఒక అర్థం కుదిరిందనిపించాక, దానికి పూర్తిగా వ్యతిరేకమైన అర్థాన్ని తీసుకుని నిజాయితీగా వాదించి చూడండి. మకియవెల్లి రాజులకు పాఠాలు చెబుతున్నట్టు నటిస్తూ ప్రజలకు పెద్ద పాఠాలు చెప్పాడని 1762లో రూసో అనే తాత్వికుడు అన్నాడు. తీసిపారేయాల్సిన మాటేం కాదు. మకియవెల్లి 1498 నుంచి 14 ఏళ్లు ఫ్లోరెన్స్ గణతంత్రానికి కొలువు చేశాడు, ఇంకో పుస్తకంలో గణతంత్రాలను మనసారా మెచ్చుకున్నాడు. ఇది రూసో వైపు సాక్ష్యం.

మరి రూసో మాట నిజమైతే ఇంకేం కనబడాలి? దగ్గరి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో చిన్న సైగైనా ఉండాలి. ఆ ఉత్తరంలో ఉన్నదల్లా మెడీచీలకు పుస్తకం ఇవ్వాలా వద్దా అనే టెన్షనే. ప్రజల కళ్లు తెరిపించాలనుకుంటే పుస్తకం ప్రజల్లోకి వెళ్లాలి. అది అచ్చయింది 1532లో, ఆయన చనిపోయిన ఐదేళ్లకు. వీటన్నిటినీ తూకం వేస్తే రూసో అర్థం నిలబడదని నా అభిప్రాయం. మీకు వేరేగా తోచవచ్చు. ఎలా తోచినా, ‘ఇది నిజమైతే ఇంకేం కనబడాలి’ అన్న ప్రశ్న అడిగే తీరాలి.

తర్వాతి కాలపు అర్థాన్ని వేరే పేజీలో రాయండి

1215 జూన్‌లో ఇంగ్లండ్ రాజు జాన్, ఆయన మీద తిరగబడ్డ ప్రభువులు ఒప్పుకున్న మాగ్నా కార్టా అనే ఒడంబడికను ఇప్పుడు అందరి స్వేచ్ఛకు పునాదిగా చెబుతారు. 39వ నిబంధన స్వేచ్ఛాపరులైన మనుషులను న్యాయవిచారణ లేకుండా బంధించకూడదంటుంది. అప్పటి ఇంగ్లండ్ రైతుల్లో చాలామంది ప్రభువులకు కట్టుబడి ఉన్నవాళ్లే, ఆ మాట కిందికి రారు. అదే పత్రంలో థేమ్స్ నదిలో చేపలు పట్టడానికి వేసిన అడ్డుకట్టలు తీసేయాలనే నిబంధన కూడా ఉంది. ఆగస్టులోనే పోప్ దాన్ని చెల్లదన్నాడు. 1216, 1217, 1225లో మార్పులతో మళ్లీ వెలువడింది. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఎడ్వర్డ్ కోక్ లాంటి న్యాయకోవిదులు అప్పుడు ఇంగ్లండ్‌ను ఏలుతున్న స్టువర్ట్ వంశపు రాజులను ఎదిరించడానికి దాన్ని ఆయుధం చేసుకున్నారు.

1215లో ఆ ప్రభువులకు ప్రజాస్వామ్యం ఉద్దేశం ఉందనడం తర్వాతి కాలపు భావాన్ని వెనక్కి అంటగట్టడమే. అలాగని కోక్ చేసింది చదవడమే రాని పని అనడమూ అన్యాయమే. ఆయన ఆ పాత మాటతో తన కాలంలో తన పని చేశాడు. ఆ పనికీ ఒక ఉద్దేశం ఉంది, దాన్ని 1620ల పేజీలో వెతకాలి. ఒక రాతకు రచయిత ఉద్దేశించిన అర్థం ఒకటి, తర్వాతివాళ్లు దానితో సాధించింది మరొకటి. ఇలాంటి పత్రాల దగ్గర ఇంకో మాట: ఒకరికొకరు పడని వాళ్లు కూర్చుని రాజీపడి రాసిన దానికి ఒకే ఉద్దేశం ఉండదు. రాజుకు ఒకటి, ప్రభువులకు ఒకటి, మతపెద్దలకు ఒకటి. వాళ్లంతా ఒప్పుకున్నది మాటలను, ఒకరి ఉద్దేశాన్ని ఇంకొకరు ఒప్పుకున్నట్టు కాదు.

చివరగా, రాసి పెట్టడం

మీరు తేల్చినదాన్ని రాసేటప్పుడు ‘రచయిత భావం ఇది’ అనే వాక్యం వాడకుండా రాయడానికి ప్రయత్నించండి. ‘ఫలానా సంవత్సరంలో, ఫలానా వాళ్ల ముందు, ఫలానా మాటకు బదులుగా ఇలా అన్నాడు’ అని రాయండి. గట్టి ఆధారం ఉంటే ‘అన్నాడు’, చుట్టుపక్కల రాతల నుంచి పట్టుకున్నదైతే ‘అని తోస్తుంది’, ఖాళీల నుంచి ఊహించిందైతే ‘అయి ఉండవచ్చు’. కింద, మీ వివరణకు లొంగని ముక్కలు రాయండి. తర్వాత మీ నిర్ణయాన్ని కనబడకుండా దాచి, సేకరించిన సాక్ష్యాలను మాత్రం ఆ విషయం మీద ఆసక్తి ఉన్న ఒకరికి ఇచ్చి, మీకేం అనిపిస్తోందని అడగండి. వాళ్లు వేరే చోటికి చేరితే రెండు అర్థాలనూ రాసి, ఏ సాక్ష్యం దగ్గర దారులు విడిపోయాయో గీత గీసి చూపించండి.